జాన్ అలెన్ (నమూనా రైల్వే నిర్మాత)

జాన్ విట్బీ అలెన్ (జూలై 2, 1913 - జనవరి 6, 1973) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ నమూనా రైల్వే నిర్మాత, ఫొటోగ్రాఫరు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని మాంటెరే పట్టణంలో తన ఇంట్లో ఇతడు నిర్మించిన గోర్ అండ్ డాఫెటిడ్ అనే నమూనా రైలుమార్గం ఆ రంగంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. రైలింజన్లు, వ్యాగన్లు, భవనాల నమూనాలకు సూక్ష్మ వివరాలు చేర్చడంలోను, ఎండకు, వానకు, మసికి గురై పాతబడినట్లు వాటికి రూపం కల్పించడంలోను ఇతడు మార్గదర్శకుడు. ఈ రెండవ ప్రక్రియను వెదరింగ్ అంటారు. నేడు డీజిలు ఇంజన్ల నమూనాలపై తుప్పు మరకలు, పొగచారలు, నూనె జిడ్డు చిత్రించే ప్రతి అభిరుచిపరుడు తెలిసో తెలియకో అలెన్ వేసిన బాటలోనే నడుస్తున్నాడు.

నేపథ్యం

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో బొమ్మ రైలు పిల్లల ఆటవస్తువు. రేకుతో చేసి, ముదురు రంగులు పూసి, తాళం చెవితోనో విద్యుత్తుతోనో నడిపే ఆ బొమ్మలకు అసలు రైలుతో పోలిక అంతంతమాత్రమే. 1930లలో అమెరికాలో ఈ పరిస్థితి మారసాగింది. 1934లో మిల్వాకీ నగరం నుండి మోడల్ రైల్‌రోడర్ మాసపత్రిక వెలువడింది. 1935లో అదే నగరంలో నమూనా రైల్వే అభిరుచిపరుల జాతీయ సంఘం ఏర్పడింది. చక్రాలకు, పట్టాలకు ఈ సంఘం నిర్దిష్ట ప్రమాణాలు రూపొందించడంతో ఒకరు చేసిన బండి మరొకరి పట్టాలపై నడవడానికి వీలు కలిగింది.

ఆ కాలంలోనే హెచ్.ఓ. అనే స్కేలు ప్రచారంలోకి వచ్చింది. ఇందులో అసలు వస్తువు కొలతలో 87వ వంతు నమూనాకు ఉంటుంది. అసలు వస్తువులోని ఒక అడుగు నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు. 1435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజికి నమూనాలో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్ల ఎత్తుంటాడు. అలెన్ తన జీవితకాలపు కృషికి ఈ స్కేలునే ఎంచుకున్నాడు.

కొలతలు సరిపోయినా ఒక లోపం మిగిలింది. ఆనాటి నిర్మాతలు తమ ఇంజన్లకు నిగనిగలాడే రంగు పూసి, కర్మాగారం నుండి అప్పుడే బయటికి వచ్చినట్లు అద్దాల బీరువాలలో అలంకరించేవారు. పనిచేసే రైలింజను అంత శుభ్రంగా ఎక్కడా ఉండదు. ఈ లోపాన్ని పూరించడమే అలెన్ చేసిన ముఖ్యమైన పని.

బాల్యం, అనారోగ్యం

అలెన్ 1913 జూలై 2న మిస్సోరి రాష్ట్రంలోని జోప్లిన్‌లో జన్మించాడు. జోప్లిన్ సీసం, తుత్తునాగం గనులకు పేరొందిన పట్టణం. బాల్యంలో ఇతనికి కీళ్లవాత జ్వరం సోకింది. గొంతు నొప్పితో మొదలై కీళ్లకు, ఆపై గుండె కవాటాలకు హాని చేసే ఈ వ్యాధికి పెన్సిలిన్ రాకముందు తగిన చికిత్స లేదు. వ్యాధి తగ్గినా అలెన్ గుండె బలహీనంగానే మిగిలింది. శారీరక శ్రమతో కూడిన జీవితం అతనికి సాధ్యం కాలేదు. చేతివేళ్లకు, కంటికి, ఓర్పుకు పనిపెట్టే వ్యాపకాలవైపు అతడు మొగ్గడానికి ఈ అనారోగ్యం ఒక కారణమని చెప్పవచ్చు.

ఫొటోగ్రఫీ

తర్వాతి కాలంలో అలెన్ కాలిఫోర్నియా చేరి లాస్ ఏంజిలస్‌లో వృత్తి ఫొటోగ్రాఫరుగా స్థిరపడ్డాడు. ఈ వృత్తి అతనికి జీవనోపాధితోపాటు ఒక చూపును కూడా ఇచ్చింది. వెలుగు ఏ దిక్కు నుండి పడితే వస్తువు ఆకారం స్పష్టమవుతుందో, ఏ ఉపరితలం వెలుగును తిప్పికొడుతుందో, ఏది పీల్చుకుంటుందో ఫొటోగ్రాఫరుకు అనుభవం మీద తెలుస్తుంది. నిగనిగలాడే రంగు పూసిన చిన్న ఇంజనును ఫొటో తీస్తే అది బొమ్మేనని ఇట్టే పోల్చుకోవచ్చు. దానిమీద పడే వెలుగు మెరుపు అసలు ఇంజనుపై మెరుపులాగా తగ్గి కనిపించదు. మెరుపు చంపిన, దుమ్ము పట్టిన ఉపరితలం మాత్రం ఫొటోలో అసలు లోహంలా భ్రమింపజేస్తుంది. అలెన్ వెదరింగ్ పద్ధతులకు ఫొటోగ్రఫీకి మధ్యగల సంబంధం ఇదే.

1946లో అలెన్ మాంటెరేకు మారాడు. అప్పటికి అతనికి 33 సంవత్సరాలు. పొదుపుగా జీవిస్తూ, తన పెట్టుబడులపై వచ్చే ఆదాయంతో కాలం గడుపుతూ నమూనా రైల్వే నిర్మాణానికే తన సమయాన్ని అంకితం చేశాడు. పసిఫిక్ తీరాన ఉన్న మాంటెరే ఆ రోజులలో సార్డీన్ చేపల పరిశ్రమకు పేరుపొందిన రేవు. సదరన్ పసిఫిక్ రైల్వే శాఖామార్గం ఆ పట్టణానికి ఉండేది.

గోర్ అండ్ డాఫెటిడ్

అలెన్ తన రైలుమార్గాన్ని మూడు దశలలో నిర్మించాడు.

మొదటి దశ 1946లో మొదలైంది. దాని వెడల్పు 3 అడుగుల 7 అంగుళాలు, పొడవు 6 అడుగుల 8 అంగుళాలు. ఒక మంచమంత చోటులో కొండలు, వంతెనలు, సొరంగాలు, ఒక చిన్న ఊరు ఇమిడ్చాడు. స్థలం చాలనప్పుడు పట్టాలను ఒకదానిపైన ఒకటిగా వేర్వేరు ఎత్తులలో నడిపించడం ఇందులోని ప్రత్యేకత.

రెండవ దశలో ఈ చిన్న మార్గాన్ని కలుపుకొని మాంటెరేలోని తన ఇంట్లోనే విస్తరించాడు.

1950ల తొలి సగంలో అలెన్ అదే పట్టణంలో మరొక ఇంటికి మారాడు. ఆ ఇంటి నేలమాళిగలో మూడవ దశ, అనగా అసలైన గోర్ అండ్ డాఫెటిడ్ రూపుదిద్దుకుంది. మొట్టమొదటి చిన్న మార్గాన్ని పారవేయకుండా దీనిలో ఒక భాగంగా అమర్చాడు. దాదాపు ఇరవై సంవత్సరాలు, చివరి వరకు, అతడు దీనిపై పనిచేస్తూనే ఉన్నాడు.

అంతకుముందు నమూనా రైలుమార్గం అంటే బల్లమీద పరచిన పట్టాలు. కొండలున్నా అవి బల్ల అంచు దగ్గర ఆగిపోయేవి. అలెన్ ఈ బల్లను కంటికి కనబడకుండా చేశాడు. అతని లోయలు నేలవరకు దిగాయి. అతని పర్వతాలు చూసేవారి తలకంటె ఎత్తుకు లేచాయి. లోయలపై పొడవైన కొయ్య వంతెనలు, ఉక్కు వంతెనలు నిలిపాడు. సందర్శకుడు నడిచే దారి కూడా కొండల నడుమ సాగే కనుమలాగా ఉండేది.

పేర్లలోని హాస్యం

గోర్ అండ్ డాఫెటిడ్ అనే పేరు చూడడానికి రెండు గంభీరమైన ఊళ్ల పేర్లలాగా ఉంటుంది. అమెరికాలో చాలా రైలు కంపెనీలకు వాటి మార్గానికి రెండు కొసలనున్న ఊళ్ల పేర్లు పెట్టేవారు. అలెన్ కూడా అదే సంప్రదాయం పాటించినట్లు కనబడతాడు. కాని ఆ అక్షరాలను పైకి చదివితే ఆంగ్లంలో గోరీ అండ్ డిఫీటెడ్ అని వినిపిస్తుంది. నెత్తురోడి ఓడిపోయినది అని దాని అర్థం. ఈ మార్గానికి అనుబంధంగా ఉన్న నారోగేజి శాఖకు డెవిల్స్ గల్చ్ అండ్ హెలెన్‌గాన్ అని పేరు పెట్టాడు. ఇందులోని రెండవ పేరు ఎక్కడో దిక్కుమాలిన చోటు అనే ఆంగ్ల నానుడికి మారురూపం. అకిన్‌బాక్ అనే పర్వతం పేరును పలికితే నడుము నొప్పి అనే అర్థం వస్తుంది. కొండలు కట్టేవారికి అది ఎంత సహజమో చెప్పనవసరం లేదు.

మార్గంలో షంటింగు పనికి 13వ నంబరు ఇంజనుగా ఎమ్మా అనే స్టెగోసారస్ ఉండేది. వీపుమీద పలకలు గల ఈ రాక్షసబల్లి వ్యాగన్లను లాగుతున్న దృశ్యం అలెన్ ఫొటోలలో ప్రసిద్ధమైనది. ఎంతో నిజమనిపించే దృశ్యం మధ్యలో ఇటువంటి అసంభవాన్ని నిలిపి, తన శ్రమను తానే చూసి నవ్వుకోగలగడం అలెన్ స్వభావంలోని విశేషం.

వెదరింగ్

వెదరింగ్ అంటే నమూనాను మురికి చేయడం మాత్రమే కాదు. ఒక వస్తువు ఎన్నాళ్లు, ఎక్కడ, ఏ పని చేసిందో దాని ఉపరితలంపై కనిపించేటట్లు చేయడం. నీరు ఎప్పుడూ కిందికే కారుతుంది కాబట్టి తుప్పు చారలు నిలువుగా ఉంటాయి. రంగు మొదట అంచుల దగ్గర, మనుషుల కాళ్లు, చేతులు తగిలేచోట పోతుంది. రంగులేని కొయ్య ఎండకు బూడిద రంగుకు తిరుగుతుంది. బొగ్గు మసి పైకప్పుమీద, నేల దుమ్ము చక్రాల చుట్టూ చేరుతుంది. ఈ నియమాలను గమనించకుండా పూసిన మురికి, నిగనిగలాడే రంగుకంటె కూడా అబద్ధంగా కనిపిస్తుంది.

అలెన్ ఈ దృష్టిని ఇంజన్లు, వ్యాగన్లతో ఆపలేదు. భవనాలు, వంతెనలు, స్లీపర్లు, రాతి గోడలు అన్నిటికీ వర్తింపజేశాడు. ఇంజను మాత్రమే పాతబడి, స్టేషను కొత్తగా ఉంటే ఆ రెండూ ఒకే లోకానికి చెందినవిగా తోచవు. గోర్ అండ్ డాఫెటిడ్‌లో అన్నీ ఒకే ఎండకు ఎండి, ఒకే వానకు తడిసినట్లు ఉండేవి. బీదదైన, కొండప్రాంతపు, అరకొర ఆదాయంతో నడిచే రైలు కంపెనీ అనే ఊహాకథ వాటిమీది ప్రతి మరకలోనూ కనిపించేది.

ఈ పద్ధతి అందరికీ వెంటనే నచ్చలేదు. నెలల తరబడి కష్టపడి చేసిన ఇంజనుపై కావాలని మసి పూయడమేమిటని ఆశ్చర్యపడినవారున్నారు. కాని పత్రికలలో అచ్చయిన అలెన్ ఫొటోలు ఆ వాదానికి సమాధానమయ్యాయి. కాలక్రమేణా వెదరింగ్ ఈ అభిరుచిలో తప్పనిసరి అంగమైంది.

సూక్ష్మ వివరాలు

వెదరింగ్‌కు ముందు చేయవలసిన పని వివరాల చేర్పు. బజారులో దొరికే నమూనాలలో తయారీ సౌలభ్యం కోసం అనేక భాగాలను వదిలేస్తారు, లేదా మందంగా పోతపోస్తారు. హెచ్.ఓ. స్కేలులో ఒక మిల్లీమీటరు మందం గల చేతిపట్టు కడ్డీ అసలు ఇంజనుపై 87 మిల్లీమీటర్ల లావు దూలానికి సమానం. అసలు కడ్డీ సుమారు 32 మిల్లీమీటర్లే ఉంటుంది. అందువల్ల నమూనాకు మూడింట ఒక వంతు మిల్లీమీటరుకు కాస్త పైబడిన తీగ కావాలి. ఇటువంటి భాగాలను విడిగా చేసి అతికించడాన్ని సూపర్‌డిటైలింగ్ అంటారు. అలెన్ ఇందులో సిద్ధహస్తుడు. చాలా నమూనాలను అతడు విడి సామగ్రితో మొదటినుండి స్వయంగా నిర్మించాడు.

అతని వివరాలు ఇంజన్లకే పరిమితం కాలేదు. ఊళ్లలో, యార్డులలో, వంతెనల కింద చిన్న చిన్న మనుషుల బొమ్మలతో ఎన్నో హాస్య సంఘటనలు అమర్చాడు. చూడడానికి వచ్చినవారు ఎన్నిసార్లు చూసినా ఇంకొకటి కొత్తగా కనబడేది.

దూరం కల్పించిన తీరు

నేలమాళిగ గదికి గోడలున్నాయి. కొండల దృశ్యానికి గోడలుండకూడదు. ఈ చిక్కును అలెన్ రెండు విధాలుగా పరిష్కరించాడు.

మొదటిది బలవంతపు దూరదృశ్యం. దగ్గరగా ఉన్న భవనాలను పూర్తి స్కేలులోను, వెనుక ఉన్నవాటిని అంతకంటె చిన్న స్కేలులోను నిర్మిస్తే కన్ను వాటిని చాలా దూరంలో ఉన్నట్లు భావిస్తుంది. రంగస్థల అలంకరణలో, సినిమా సెట్టింగులలో వాడే ఉపాయమే ఇది.

రెండవది అద్దాలు. సరైన చోట, సరైన కోణంలో నిలిపిన అద్దం వల్ల ఒక వీధి రెండింతలు పొడవుగా, ఒక యార్డు రెండింతలు వెడల్పుగా కనిపిస్తుంది. చూసేవారి ముఖం అందులో కనబడితే భ్రమ చెదిరిపోతుంది. కనుక అద్దం అంచును భవనంతోనో వంతెనతోనో కప్పి, సందర్శకుడు నిలబడే చోటునుబట్టి దాని కోణం నిర్ణయించాలి.

రైళ్ల నిర్వహణ, టైమ్‌సేవర్

గోర్ అండ్ డాఫెటిడ్ కేవలం ప్రదర్శన వస్తువు కాదు. అలెన్ మిత్రులు క్రమం తప్పకుండా అతని ఇంటివద్ద చేరి, ఒక్కొక్కరు ఒక్కొక్క బాధ్యత తీసుకొని అసలు రైల్వేలో వలెనే రైళ్లు నడిపేవారు. ఏ వ్యాగను ఏ ఊరికి చేరాలో సూచించే చిన్న గుర్తులు వ్యాగన్లపై ఉండేవి. మార్గం చిన్నది కావడం వల్ల మామూలు గడియారం పనికిరాదు. అందుకని వేగంగా తిరిగే గడియారం ప్రకారం టైంటేబిలు నడిచేది. బొమ్మ రైలును గుండ్రంగా తిప్పడానికి బదులు దానికి ఒక పనిని అప్పగించడం అనే భావన వ్యాప్తి చెందడంలో అలెన్ పాత్ర గణనీయమైనది.

టైమ్‌సేవర్ అనే షంటింగు ప్రహేళిక కూడా అలెన్ సృష్టి. 1972లో ఇది మోడల్ రైల్‌రోడర్ పత్రికలో ప్రచురితమైంది. ఐదు పాయింట్లు, కొన్ని పొట్టి సైడింగులు, ఇంజను వ్యాగన్లను చుట్టివచ్చి రెండవవైపు చేరడానికి ఒక జోడుపట్టా ఇందులో ఉంటాయి. కొద్దిపాటి వ్యాగన్లను ఒకే ఇంజనుతో వాటికి నిర్ణయించిన స్థానాలకు అతి తక్కువ సమయంలో చేర్చాలి. సైడింగులు పొట్టివి కావడం వల్ల ఒక వ్యాగనును కదిలించాలంటే ముందు మరొకదానికి చోటు చూడాలి. చూడడానికి తేలికగా ఉండే ఈ ఆట మంచి మంచి ఆటగాళ్లను సైతం తికమకపెడుతుంది. ఒక పొడవైన పలకమీద ఇమిడే దీనిని అనేక దేశాలలో అభిరుచిపరులు నేటికీ నిర్మిస్తున్నారు.

ఛాయాచిత్రాలు, ప్రచారం

1940ల నుండి అలెన్ అభిరుచి పత్రికలకు విరివిగా వ్యాసాలు వ్రాశాడు. వాటితోపాటు వెలువడిన ఫొటోలు అతని కీర్తికి ముఖ్య కారణం. నమూనాలను దగ్గరనుండి ఫొటో తీసేటప్పుడు ముందున్న ఇంజను స్పష్టంగా వస్తే వెనుక కొండ మసకబారుతుంది. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎక్కువసేపు తెరచి ఉంచితే ముందున్నవి, వెనుకున్నవి సమానంగా స్పష్టపడతాయి. కెమెరాను పైనుండి కాక, ఇంజను పక్కన నిలిచిన బుల్లి మనిషి కంటి ఎత్తులో ఉంచితే చిన్న ఇంజను పెద్దదిగా కనబడుతుంది. వృత్తి ఫొటోగ్రాఫరు అయిన అలెన్‌కు ఇవి కరతలామలకం.

1950లలో వార్నీ అనే నమూనా రైళ్ల తయారీ సంస్థ ప్రకటనలకు అలెన్ ఫొటోలు తీశాడు. అతని దృశ్యాల నడుమ ఆ సంస్థ ఇంజన్లు, వ్యాగన్లు కనబడే ఈ ప్రకటనలను పాఠకులు వ్యాసాలంత ఆసక్తితోనూ చూసేవారు. మాంటెరేకు ఎన్నడూ వెళ్లనివారికి కూడా గోర్ అండ్ డాఫెటిడ్ ఈ విధంగానే పరిచయమైంది.

డీజిలు ఇంజన్ల కాలం

అలెన్ తన ఆవిరి ఇంజన్ల లోకాన్ని నిర్మిస్తున్న సంవత్సరాలలోనే అమెరికా రైల్వేలు ఆవిరిని విడిచి డీజిలుకు మారాయి. 1939లో జనరల్ మోటార్స్ సంస్థ ఎఫ్.టి. అనే సరకు రవాణా డీజిలు ఇంజనుతో దేశవ్యాప్తంగా ప్రయోగాత్మక యాత్రలు జరిపింది. 1949లో ఎఫ్7, జి.పి.7 ఇంజన్లు, 1954లో జి.పి.9 ఇంజను వచ్చాయి. 1960 నాటికి ప్రధాన మార్గాలలో ఆవిరి యుగం ఇంచుమించు ముగిసిపోయింది. మాంటెరేకు చేరే డెల్ మాంటె ప్రయాణికుల రైలు సైతం 1971లో నిలిచిపోయింది. అసలు లోకంలో అంతరిస్తున్నదానిని అలెన్ నేలమాళిగలో నిలుపుతూ వచ్చాడు.

నమూనాల లోకంలోనూ డీజిలు ప్రవేశించింది. 1950లలో అథర్న్ వంటి సంస్థలు ప్లాస్టిక్కుతో చేసిన డీజిలు ఇంజన్లను చౌకగా అందించాయి. జి.పి.9 ఇంజను పొడవు సుమారు 56 అడుగులు. హెచ్.ఓ. స్కేలులో ఇది దాదాపు 20 సెంటీమీటర్లు. ఆవిరి ఇంజనుకు ఉన్న కదిలే కడ్డీలు, బయటికి కనబడే గొట్టాలు డీజిలు ఇంజనుకు లేవు. అది చూడడానికి చక్రాలమీద నిలిపిన పెట్టె. అందువల్ల దానికి జీవం పోయడంలో సూక్ష్మ వివరాలకు, వెదరింగ్‌కు మరింత ప్రాధాన్యం ఏర్పడింది.

డీజిలు ఇంజనుకు సాధారణంగా చేర్చే వివరాలు ఇవి: సన్నని తీగతో చేతిపట్టు కడ్డీలు, ముందు వెనుకల బ్రేకు గాలి గొట్టాలు, హారన్లు, గంట, అద్దాల తుడుపుకర్రలు, డ్రైవరు కిటికీపై ఎండ అడ్డు, పైకప్పుపై ఎత్తడానికి వాడే కొక్కేలు, కప్లింగు విప్పే కడ్డీ. ఒకే రకపు ఇంజన్లను వేర్వేరు రైల్వేలు తమ అవసరాలనుబట్టి మార్చుకొనేవి. కనుక నిర్మాత ఒక నిర్దిష్టమైన నంబరు గల ఇంజను ఫొటోలను ముందుంచుకొని పనిచేస్తాడు.

తర్వాత వెదరింగ్ పొరలు పొరలుగా సాగుతుంది. మొదట ఇంజను అసలు రంగుకు తెలుపు కలిపి, బాగా పలుచన చేసి పూస్తే ఎండకు వెలిసిన రూపం వస్తుంది. నలుపు, గోధుమ రంగుల పలుచని ద్రవం పూసి తుడిచివేస్తే అది తలుపుల అంచులలో, గాలి జాలీలలో నిలిచి లోతును చూపుతుంది. దాదాపు పొడిగా ఉన్న కుంచెను లేత రంగుతో అంచులపై ఆడిస్తే ఎత్తైన భాగాలు తేలి కనబడతాయి. చివరకు రంగు సుద్దల పొడితో దుమ్ము, మసి అద్దుతారు. ఆపై మెరుపులేని వార్నీషు పిచికారీ చేసి వీటిని స్థిరపరుస్తారు.

ఏ మురికి ఎక్కడ పడాలో నిర్ణయించేది యంత్రం పనితీరు. పొగగొట్టం చుట్టూ, దాని వెనుక పైకప్పుమీద మసి దట్టంగా ఉంటుంది. ఇంధనం పోసే మూత కింద టాంకుపై నూనె చారలు నల్లగా, తడి మెరుపుతో ఉంటాయి. బోగీల మీద బ్రేకు దుమ్ము, మట్టి కలిసి గోధుమరంగు పొర ఏర్పడుతుంది. చక్రాలు జారకుండా పట్టాలపై వదిలే ఇసుక గొట్టాల దగ్గర లేతరంగు మరకలు పడతాయి. పట్టాను ఒరసుకొనే చక్రపు అంచు మాత్రం ఎప్పుడూ తళతళలాడుతుంది. ఇంజను తన చరిత్రను తన ఒంటిమీదనే వ్రాసుకుంటుందనే ఈ భావన ఆవిరి నమూనాలపై అలెన్ ఆచరించి చూపినదే. యంత్రం మారింది గాని సూత్రం మారలేదు.

మరణం, అగ్నిప్రమాదం

1973 జనవరి 6న అలెన్ గుండెపోటుతో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 59 సంవత్సరాలు. బాల్యంలో దెబ్బతిన్న గుండెతోనే అతడు అంతకాలం పనిచేశాడు.

అతని మరణం తర్వాత పది రోజులకు ఆ ఇంట్లో అగ్నిప్రమాదం జరిగింది. గోర్ అండ్ డాఫెటిడ్‌లో అత్యధిక భాగం కాలిపోయింది. కొయ్య, కాగితం, అట్ట, జిగురు, రంగులతో కూర్చిన కొండలు, వంతెనలు మంటలకు తట్టుకోలేకపోయాయి. 1946లో మొదలైన తొలి చిన్న మార్గం మొదలుకొని అతని ఇరవయ్యారేళ్ల శ్రమ ఈ విధంగా నశించింది. కాలం కలిగించే శిథిలతను ఓపికగా చిత్రించి చూపిన వ్యక్తి కృషి కాలంచేత కాక ఒక్క ప్రమాదంలో అంతరించడం విషాదకరం.

మిగిలినవి ప్రధానంగా అతడు, అతని మిత్రులు తీసిన ఫొటోలు, పత్రికలలోని వ్యాసాలు. మోడల్ రైల్‌రోడర్ పత్రికకు సంపాదకుడుగా పనిచేసిన లిన్ వెస్ట్‌కాట్ వీటి ఆధారంగా అలెన్ జీవితంపైన, నిర్మాణాలపైన ఒక గ్రంథం సిద్ధం చేశాడు. వెస్ట్‌కాట్ 1980లో మరణించాడు. మోడల్ రైల్‌రోడింగ్ విత్ జాన్ అలెన్ అనే ఆ గ్రంథం 1981లో వెలువడింది. గోర్ అండ్ డాఫెటిడ్‌ను చూడని తరాలకు ఇదే ముఖ్య ఆధారమైంది.

ప్రభావం

అలెన్ తర్వాత నమూనా రైల్వేలలో వచ్చిన మార్పులు పరిశీలిస్తే అతని ప్రభావం స్పష్టమవుతుంది.

- నేలనుండి పైకప్పువరకు వ్యాపించే దృశ్య నిర్మాణం సాధారణమైంది.
- రైళ్లను టైంటేబిలు ప్రకారం, సరకు రవాణా పద్ధతిలో నడిపే మిత్రబృందాలు అనేకచోట్ల ఏర్పడ్డాయి.
- వెదరింగ్ కోసమే ప్రత్యేకంగా రంగులు, పొడులు తయారుచేసి అమ్మే పరిశ్రమ వెలిసింది. కొన్ని తయారీ సంస్థలు ముందే మసి, దుమ్ము పూసిన ఇంజన్లను సైతం విక్రయించసాగాయి.
- జార్జి సెలియోస్ నిర్మించిన ఫ్రాంక్లిన్ అండ్ సౌత్ మాంచెస్టర్ వంటి ప్రసిద్ధ నమూనా రైలుమార్గాలకు అలెన్ కృషి ప్రేరణనిచ్చింది. 1930ల ఆర్థికమాంద్య కాలపు శిథిల నగరాలను చూపే ఈ మార్గంలో వెదరింగ్ కళ మరింత ముందుకు సాగింది.

అలెన్ కాలంతో పోలిస్తే నేటి డీజిలు నమూనాలు కర్మాగారంలోనే ఎంతో సూక్ష్మంగా తయారవుతున్నాయి. ఆనాడు చేతితో వంచి అతికించిన తీగ కడ్డీలు, గొట్టాలు ఇప్పుడు పెట్టెలోనే అమర్చి వస్తున్నాయి. అయినా ఆ ఇంజను ఎక్కడ పనిచేసింది, ఎన్ని వానలు చూసింది, దానిని కడిగేవారున్నారా లేరా అనే ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది దానిపై కుంచె పట్టే మనిషే. ఆ ప్రశ్నలు వేసుకోవడం నమూనా రైల్వే నిర్మాతలకు నేర్పినవారిలో జాన్ అలెన్ అగ్రగణ్యుడు.